ఒకే టేప్ డ్రైవ్, రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: చేయవలసినవి – చేయకూడనివి

టేపుల కాలం ఎప్పుడో అయిపోయిందని బయట చాలామంది అనుకుంటారు. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసేవాళ్లకు మాత్రం ఆ భ్రమ లేదు. 1952లో 726తో మొదలైన ఐబీఎం టేప్ డ్రైవ్, 2023లో వచ్చిన టీఎస్1170 దాకా ఆగకుండా నడుస్తూనే ఉంది. 1984 నాటి 3480 కార్ట్రిడ్జ్‌లో 200 మెగాబైట్లు పట్టేవి. టీఎస్1170 కార్ట్రిడ్జ్ ఒక్కదానిలో కంప్రెషన్ లేకుండానే 50 టెరాబైట్లు పడతాయి. బ్యాంకు ఖాతాల బ్యాకప్పులు, బీమా పాలసీల చరిత్ర, ఏళ్ల తరబడి దాచి తీరాల్సిన రికార్డులు ఇంకా టేపుల మీదే ఉంటున్నాయి. అంటే ఒక్క కార్ట్రిడ్జ్ పాడైతే కలిగే నష్టం ఆనాటికంటే ఈనాడే ఎక్కువ.

ఒకే యంత్రంలో ఒక ఎల్‌పార్‌లో (లాజికల్ పార్టిషన్) జెడ్ ఓఎస్, పక్క ఎల్‌పార్‌లో జెడ్ వీఎం, దాని కింద సీఎంఎస్ యూజర్లు, లైనక్స్ గెస్టులు నడుస్తుంటాయి. డ్రైవులు ఖరీదైనవి కాబట్టి ప్రతి ఓఎస్‌కూ విడిగా కొనరు. ఒకే డ్రైవును వంతులవారీగా వాడుకుంటారు. ఆ వంతు తప్పిన రోజున డేటా పోతుంది. చాలాసార్లు అది పోయిన సంగతి రీస్టోర్ చేయాల్సిన రోజు వరకూ ఎవరికీ తెలియదు.

హైదరాబాద్‌లో కూర్చొని ఎక్కడో అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న యంత్రాల కన్సోళ్లు చూసుకునే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. అమీర్‌పేటలో జేసీఎల్, కోబాల్ నేర్చుకొని ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లూ వారిలో ఉన్నారు. వారికి డ్రైవ్ కంటికి కనిపించదు, దాని పక్కన నిలబడి చూసే వీలు లేదు. తెర మీద కనిపించే నాలుగు అంకెల అడ్రసే ఆధారం. అందుకే ఈ నియమాలు వారికి మరీ ముఖ్యం.

ముందుగా: ప్రమాదం ఎక్కడుంది?

డిస్క్‌కి రాసేటప్పుడు ఏ సిలిండర్‌లో, ఏ ట్రాక్‌లో రాయాలో ఆదేశంలోనే ఉంటుంది. టేప్‌కి రాసే ఆదేశంలో చిరునామా ఉండదు. హెడ్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడే రాయమని దాని అర్థం. ఒక సిస్టమ్ సగం రాసి ఊపిరి పీల్చుకునేలోగా వేరే సిస్టమ్ టేప్‌ను రీవైండ్ చేసిందనుకోండి. మొదటి సిస్టమ్ రాసే తరవాతి బ్లాక్ టేప్ మొదట్లో పడుతుంది. అక్కడ ఉండేది వాల్యూమ్ సీరియల్‌ను చెప్పే 80 బైట్ల వాల్1 లేబుల్. అది చెరిగిపోతే ఆ టేప్ ఎవరిదో, ఏమిటో చెప్పే ఆధారం పోతుంది.

నష్టం అక్కడితో ఆగదు. ఇప్పటి 3592 వర్గం డ్రైవుల్లో ఎక్కడ రాయడం ఆపితే అక్కడే డేటా ముగిసినట్టు గుర్తు పడుతుంది. దాని తరవాత పాత డేటా భౌతికంగా ఉన్నా, మామూలు పద్ధతిలో డ్రైవ్ దాన్ని చదవనివ్వదు. టేప్ మొదట్లో పొరపాటున కొన్ని కిలోబైట్లు రాస్తే చాలు, వెనక ఉన్న టెరాబైట్లన్నీ చేతికందకుండా పోతాయి.

దీన్ని ఆపడానికి కంట్రోల్ యూనిట్‌లో ఒక ఏర్పాటు ఉంది, దాని పేరు అసైన్. డ్రైవును వాడబోయే సిస్టమ్ ముందుగా అసైన్ ఆదేశం పంపుతుంది. కంట్రోల్ యూనిట్ ఆ సిస్టమ్ పాత్ గ్రూప్ ఐడీని గుర్తుపెట్టుకొని, వేరే సిస్టమ్ నుంచి వచ్చే ఆదేశాలను తిప్పికొడుతుంది. సిస్‌ప్లెక్స్‌లో డ్రైవ్‌కు ఆటోస్విచ్ పెడితే, జాబ్‌కి డ్రైవ్ కేటాయించేటప్పుడు జెడ్ ఓఎస్ అసైన్ చేస్తుంది, పని అయ్యాక వదిలేస్తుంది. జీఆర్ఎస్ ద్వారా ఆ సిస్‌ప్లెక్స్‌లోని మిగతా జెడ్ ఓఎస్‌లకు ఈ సంగతి తెలుస్తుంది. సిస్‌ప్లెక్స్ బయట ఉన్న జెడ్ వీఎంకి గానీ, లైనక్స్‌కి గానీ జీఆర్ఎస్ మాట వినబడదు. వాటికీ జెడ్ ఓఎస్‌కీ మధ్య ఉన్న కాపలా కంట్రోల్ యూనిట్‌లోని అసైన్ ఒక్కటే.

ప్రమాదాలన్నీ అసైన్ లేనిచోట, లేదా దాన్ని తప్పించుకున్నచోట పుడతాయి. ఒకటి దగ్గరగా చూద్దాం. జెడ్ వీఎం ఆపరేటర్ 0బీ80 డ్రైవును ఒక సీఎంఎస్ యూజర్‌కు 181 అనే వర్చువల్ అడ్రసుగా అటాచ్ చేశాడు, ఏదో పాత అలవాటుతో నోఅసైన్ ఆప్షన్ పెట్టాడు. ఆ యూజర్ టేప్ డంప్ ఆదేశంతో లేబుల్ లేని కార్ట్రిడ్జ్ మీద ఫైళ్లు దించుకుంటున్నాడు. రెండు డంపుల మధ్య కాస్త విరామం వచ్చింది. అదే సమయంలో జెడ్ ఓఎస్‌లో ఒక జాబ్ స్క్రాచ్ టేప్ కావాలంది. ఆ డ్రైవ్ అక్కడ ఆన్‌లైన్‌లో ఉంది, ఎవరూ అసైన్ చేసుకోలేదు. జెడ్ ఓఎస్ దాన్ని తీసుకుంది, లేబుల్ చదవబోయింది, వాల్1 కనబడలేదు. కన్సోల్ మీద ఐఈసీ704ఏ సందేశం వచ్చింది: ఈ టేప్‌కి కొత్త లేబుల్ రాయాలి, వాల్యూమ్ సీరియల్ చెప్పండి, వద్దంటే ఎం అనండి. రాత్రి రెండింటికి పది సందేశాల మధ్య జెడ్ ఓఎస్ ఆపరేటర్ ఒక సీరియల్ టైప్ చేసి ఎంటర్ కొట్టేశాడు. సీఎంఎస్ యూజర్ పని అక్కడితో చెరిగిపోయింది. ఏ సిస్టమ్‌లోనూ లోపం లేదు, ప్రతిదీ తనకు చెప్పిన పనే చేసింది. ఆ డ్రైవ్ ఎవరిదన్నది మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

చేయవలసినవి

1. అవసరం లేని ఎల్‌పార్‌కు డ్రైవ్ కనిపించకుండా చేయండి. మొదటి గోడ కాన్ఫిగరేషన్‌లోనే కట్టాలి. హెచ్‌సీడీలో ప్రతి డ్రైవ్‌కూ క్యాండిడేట్ లిస్ట్ పెట్టి, ఏ పార్టిషన్లు దాన్ని వాడవచ్చో రాయండి. టెస్ట్ ఎల్‌పార్‌కు ప్రొడక్షన్ డ్రైవులు చూపించాల్సిన పని లేదు. కనబడని డ్రైవును ఎవరూ పొరపాటున పట్టుకోలేరు.

2. డ్రైవ్ మారేటప్పుడు వరస తప్పకండి. ముందు ఇచ్చేవాళ్ల దగ్గర పని పూర్తి కావాలి, టేప్ దిగాలి, అక్కడ ఆఫ్‌లైన్ చేయాలి లేదా డిటాచ్ చేయాలి. ఆ తరవాతే తీసుకునేవాళ్లు ఆన్‌లైన్ చేసుకోవాలి లేదా అటాచ్ చేసుకోవాలి. రెండు వైపులా ఒకేసారి ఆదేశాలు ఇస్తే వరస తప్పినట్టే.

3. రెండు వైపులా అడిగి చూడండి. జెడ్ ఓఎస్‌లో డిస్‌ప్లే యూనిట్, డెవ్‌సర్వ్ క్యూటేప్ ఆదేశాలు, జెడ్ వీఎంలో క్వెరీ టేప్స్, లైనక్స్‌లో ఎల్ఎస్‌టేప్ ఉన్నాయి. మీ తెర మీద డ్రైవ్ ఖాళీగా కనబడినంత మాత్రాన అది ఖాళీ అని కాదు. పక్క సిస్టమ్ తెర కూడా అదే మాట చెప్పాలి.

4. డ్రైవ్ అడ్రసులు అన్ని సిస్టమ్‌లలో ఒకటిగా ఉంచండి. ఒకే డ్రైవ్ జెడ్ ఓఎస్‌లో 0బీ80గా, జెడ్ వీఎంలో మరో నంబరుతో ఉంటే ఫోన్‌లో చెప్పుకునే మాట తప్పుదారి పట్టిస్తుంది. మార్చలేని పరిస్థితి ఉంటే, ఏ నంబరుకు ఏ నంబరు సమానమో చూపే పట్టిక ప్రతి కన్సోల్ దగ్గరా ఉండాలి. సీఎంఎస్‌లో టేప్ ఆదేశం ఏ డ్రైవో చెప్పకపోతే 181 మీదే పనిచేస్తుంది కాబట్టి, ఆ 181 వెనక ఏ అసలు డ్రైవ్ ఉందో అటాచ్ చేసిన వెంటనే సరిచూసుకోండి.

5. వాల్యూమ్ సీరియళ్లను పంచి పెట్టండి. జెడ్ ఓఎస్‌లో టేప్ మేనేజర్‌గా ఉన్న ఆర్ఎంఎం గానీ, సీఏ 1 గానీ తన క్యాటలాగ్‌లో ఉన్న టేపులనే కాపాడగలదు. జెడ్ వీఎం వైపు టేప్ మేనేజర్‌ది వేరే లెక్క. ఒక శ్రేణి జెడ్ ఓఎస్‌కు, మరో శ్రేణి జెడ్ వీఎంకు, ఇంకొకటి లైనక్స్‌కు కేటాయించి, ఆర్ఎంఎంలో ఓపెన్‌రూల్, పార్టిషన్ నిబంధనలతో పరాయి టేపులు తెరవకుండా ఆపండి. ఆరక్షరాల సీరియల్ చూడగానే అది ఎవరి టేపో ఎవరైనా చెప్పగలగాలి.

6. సీఎంఎస్ టేపులకూ లేబుల్ రాయండి. సీఎంఎస్ టేప్ డంప్ ప్రత్యేకంగా చెప్పకపోతే లేబుల్ పట్టించుకోదు. టేప్ డబ్ల్యూవాల్1తో లేబుల్ రాసి, ప్రతిసారీ టేప్ డీవాల్1తో చూసుకొని పని మొదలుపెట్టండి. లేబుల్ ఉన్న టేప్‌ను పక్క సిస్టమ్ గుర్తుపట్టి పక్కన పెట్టగలదు. పైన చెప్పిన ఉదాహరణలో టేప్ మీద వాల్1 ఉండి, దాని సీరియల్ ఆర్ఎంఎంలో పరాయిదిగా నమోదై ఉంటే ఆ టేప్ బతికేది.

7. లైబ్రరీలో స్క్రాచ్ క్యాటగిరీలు వేరు చేయండి. టీఎస్7700 లాంటి వర్చువల్ టేప్ వ్యవస్థలో డ్రైవుల కొట్లాట తక్కువ, ఎందుకంటే వర్చువల్ డ్రైవులు వందల్లో ఉంటాయి. అక్కడ ప్రమాదం వాల్యూముల దగ్గర ఉంటుంది. రెండు సిస్‌ప్లెక్స్‌లు డిఫాల్ట్ స్క్రాచ్ క్యాటగిరీ 0002నే వాడితే, ఒకరు స్క్రాచ్‌కు పంపిన టేప్ మరొకరి జాబ్‌కి ఎక్కుతుంది. డెవ్‌సప్ పార్మ్‌లిబ్ మెంబర్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో క్యాటగిరీ ఇవ్వండి. కొత్త కార్ట్రిడ్జ్‌లు పెట్టినప్పుడు ఏ సిస్టమ్ వాటిని తీసుకోవాలో సీబీఆర్‌యూఎక్స్‌ఈఎన్‌టీ ఎగ్జిట్ ద్వారా తేల్చండి, లేకపోతే ముందు స్పందించిన సిస్టమే అన్నీ తనవి అనుకుంటుంది. సెలెక్టివ్ డివైస్ యాక్సెస్ కంట్రోల్ ఉంటే దాన్నీ వాడండి.

8. స్క్రాచ్ అయిన టేప్‌కు గడువు ఇవ్వండి. టీఎస్7700లో ఎక్స్‌పైర్ హోల్డ్ పెడితే స్క్రాచ్‌కు వెళ్లిన వాల్యూమ్ కొన్నాళ్లు ఎవరి చేతికీ రాదు. పొరపాటున స్క్రాచ్ అయిందని మర్నాడు తెలిస్తే వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది.

9. లైనక్స్ వైపు రిజర్వేషన్ గట్టిగా ఉందో లేదో చూడండి. ఎఫ్‌సీపీ మీద నడిచే స్కజీ టేపుల్లో పాత రకం రిజర్వ్, ఒక రీసెట్ వస్తే పోతుంది. ఆ రీసెట్‌కు టేప్ మొదటికి తిరిగి పోవచ్చు కూడా. పర్సిస్టెంట్ రిజర్వేషన్ వాడండి. శాన్ జోనింగ్‌లో ఒక్కో టేప్ డ్రైవ్‌ను దానితో పనిలేని సర్వర్లకు దూరంగా ఉంచండి.

10. రెండో నకలు వేరే డ్రైవ్ మీద, వేరే చోట ఉంచండి. రీస్టోర్ చేసి చూడండి. జాబ్ రిటర్న్ కోడ్ సున్నా వచ్చినంత మాత్రాన టేప్ మీద ఏముందో తెలియదు. అప్పుడప్పుడు ఒక టేప్ తీసి, టెస్ట్ డిస్క్‌లోకి రీస్టోర్ చేసి చూడటమే అసలు పరీక్ష.

చేయకూడనివి

1. "వేరే సిస్టమ్‌కు అసైన్ అయి ఉంది" అన్న సందేశాన్ని అడ్డంకిగా చూడకండి. ఆ సందేశం మీ డేటానో, పక్కవాళ్ల డేటానో కాపాడుతోంది. దాన్ని దాటే దారి వెతకడం మాని, పట్టుకున్నది ఎవరో కనుక్కోండి.

2. జెడ్ ఓఎస్‌లో ఎస్‌హెచ్ఆర్ ఆప్షన్‌తో డ్రైవ్ ఆన్‌లైన్ చేయకండి. ఒక డ్రైవును రెండు సిస్టమ్‌లు పంచుకునేలా అసైన్ చేసే ఆ ఆప్షన్, సిస్టమ్‌ల మధ్య వంతు చూసే బాధ్యతను పూర్తిగా మీ మీద వేస్తుంది. సిస్‌ప్లెక్స్ లోపల పంచుకోవాలంటే ఆటోస్విచ్ ఉంది, దాన్నే వాడండి.

3. జెడ్ వీఎంలో నోఅసైన్, మల్టీయూజర్ ఆప్షన్లు అలవాటుగా పెట్టకండి. నోఅసైన్ పెడితే జెడ్ వీఎం కంట్రోల్ ప్రోగ్రామ్ (సీపీ) అసైన్ చేయదు, లోపలి గెస్ట్ తానే చేసుకోవాలి. జెడ్ ఓఎస్ గెస్ట్ అయితే చేసుకుంటుంది. అసైన్ చేస్తుందని మీకు రూఢిగా తెలియని గెస్ట్‌కు అలా ఇవ్వకండి.

4. లీవ్ ఆప్షన్‌తో డిటాచ్ చేసి వెళ్లిపోకండి. మామూలుగా డిటాచ్ చేస్తే టేప్ రీవైండ్ అయి దిగిపోతుంది. లీవ్ అంటే టేప్ ఉన్నచోటే, డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. తరవాత వచ్చే యూజర్ ఏం రాసినా ఆ టేప్ మీదే పడుతుంది. ఒకే పనిలో ఒకరి నుంచి మరొకరికి ఇచ్చేటప్పుడు తప్ప దీన్ని వాడకూడదు.

5. బీఎల్‌పీ అందరికీ ఇవ్వకండి. లేబుల్‌ను పట్టించుకోకుండా టేప్ తెరిచే అధికారం అది. జెఈఎస్2లో ఎంపిక చేసిన జాబ్ క్లాస్‌కు మాత్రమే అనుమతించి, రాక్‌ఎఫ్‌లో ఐసీహెచ్‌బీఎల్‌పీ ప్రొఫైల్‌తో కట్టడి చేయండి. అలాగే సీఏ 1లో ఎక్స్‌పీడీటీ=98000 అని రాసి పరాయి టేపుగా చూపించి, తనిఖీలన్నీ దాటవేసే అలవాటును జేసీఎల్‌లో స్థిరపడనివ్వకండి.

6. ఐఈసీ507డీకి కళ్లు మూసుకొని యూ అనకండి. గడువు తీరని టేప్ మీద రాయబోతున్నామని సిస్టమ్ అడుగుతోంది. యూ అంటే వాడు, ఎం అంటే దించు. తెలియకపోతే ఎం. జాబ్ పది నిమిషాలు ఆలస్యమైతే దాన్ని మళ్లీ నడపవచ్చు, చెరిగిన టేప్‌ను మళ్లీ తేలేం. పైన చెప్పిన ఐఈసీ704ఏకూ ఇదే నియమం.

7. పడిపోయిన సిస్టమ్ డ్రైవులను బలవంతంగా లాక్కోకండి. వెయిట్ స్టేట్‌లో ఉన్న ఎల్‌పార్ చేతిలో అసైన్ ఇంకా ఉండిపోవచ్చు. ముందు ఆ ఎల్‌పార్‌ను రీసెట్ చేయించండి, అప్పుడు డ్రైవ్ సక్రమంగా విడుదలవుతుంది. సగం బతికున్న సిస్టమ్ ఎప్పుడు మళ్లీ రాయడం మొదలుపెడుతుందో ఎవరూ చెప్పలేరు.

8. రీవైండ్ అయ్యే డివైస్ పేరుతో లైనక్స్ స్క్రిప్టులు రాయకండి. పేరులో ఎన్ ఉన్న నోడ్, అంటే ఎన్ఎస్‌టీ0 లాంటిది, మూసినప్పుడు టేప్‌ను కదపదు. ఎన్ లేనిది మూసిన ప్రతిసారీ రీవైండ్ చేస్తుంది. రెండో ఫైల్ మొదటి ఫైల్ మీద పడి, స్క్రిప్ట్ మాత్రం విజయవంతంగా ముగిసిందని చెబుతుంది.

9. పాత టేపును తుడవకుండా వేరే సిస్టమ్‌కు ఇవ్వకండి. స్క్రాచ్ అంటే ఖాళీ అయిందని కాదు. పాత 3480, 3490 టేపుల్లో కొత్త ఫైల్ చిన్నదైతే దాని వెనక పాత డేటా మిగిలే ఉంటుంది. ఖాతాదారుల వివరాలున్న టేప్ ప్రొడక్షన్ జెడ్ ఓఎస్ నుంచి టెస్ట్ జెడ్ వీఎంకు వెళ్లేముందు ఆర్ఎంఎం ద్వారా ఎరేజ్ చేయించండి. 2006లో టీఎస్1120తో డ్రైవ్‌లోనే ఎన్‌క్రిప్షన్ వచ్చింది. అది ఉంటే, ఏ సిస్టమ్‌కు ఏ కీ అందాలో విడిగా నిర్ణయించండి.

10. రెప్లికేషన్‌ను బ్యాకప్ అనుకోకండి. టీఎస్7700 క్లస్టర్ల మధ్య వెళ్లే నకలు, మంచి డేటాతో పాటు పొరపాటున రాసినదాన్నీ అంతే నమ్మకంగా తీసుకెళుతుంది.

జరగరానిది జరిగితే

ముందుగా ఆ డ్రైవును అన్ని సిస్టమ్‌లలోనూ ఆపండి. జాబ్‌ను మళ్లీ నడిపి చూద్దామన్న ఆలోచన రానివ్వకండి, ప్రతి కొత్త రాత మిగిలిన అవకాశాన్ని తగ్గిస్తుంది. కార్ట్రిడ్జ్ దించి, దాని రైట్ ప్రొటెక్ట్ స్విచ్ వేసి, విడిగా పెట్టండి. ఆర్ఎంఎంలో గానీ, సీఏ 1లో గానీ ఆ వాల్యూమ్ స్క్రాచ్‌కు వెళ్లకుండా ఆపండి. వర్చువల్ వాల్యూమ్ అయితే మిగతా క్లస్టర్లలోని నకళ్ల పరిస్థితి వెంటనే చూడండి.

తరవాత సాక్ష్యం సేకరించండి: జెడ్ ఓఎస్ సిస్‌లాగ్, లాగ్‌రెక్, జెడ్ వీఎం ఆపరేటర్ కన్సోల్ స్పూల్, లైనక్స్ సిస్టమ్ లాగ్. ఈ నాలుగింటినీ సమయం ప్రకారం పక్కపక్కన పెడితే డ్రైవ్ ఏ నిమిషంలో చేతులు మారిందో తేలిపోతుంది. అందుకే అన్ని ఎల్‌పార్‌ల గడియారాలు ఒకే సమయం చూపాలి. ఎవరు తప్పు చేశారన్నది తరవాతి సంగతి. రాత్రి షిఫ్ట్ కుర్రాడు భయంతో విషయం దాచిపెట్టే వాతావరణం ఉంటే, రీస్టోర్ రోజు వరకూ ఆ గాయం కనబడదు. చెప్పినవాణ్ని శిక్షించకండి.

షిఫ్ట్ మారేటప్పుడు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఏ డ్రైవ్ ఇప్పుడు ఏ సిస్టమ్ దగ్గర ఉంది? ఏ డ్రైవ్‌లో టేప్ ఎక్కి ఉంది, దాని సీరియల్ ఎంత? జవాబు కోసం ఎదురుచూస్తున్న టేప్ సందేశాలు ఎన్ని ఉన్నాయి? నోఅసైన్, లీవ్, బీఎల్‌పీ లాంటి మినహాయింపులు ఈ షిఫ్ట్‌లో ఎవరికైనా ఇచ్చారా, ఇస్తే ఎప్పుడు ముగుస్తాయి? వీటికి జవాబులు రాతలో ఉండాలి, నోటిమాటగా కాదు.

సిస్టమ్ ప్రోగ్రామర్లకూ, ఆపరేషన్స్ మేనేజర్లకూ ఒక విన్నపం. పై నియమాల్లో కొత్తగా డబ్బు పెట్టి కొనాల్సినవి చాలా తక్కువ. క్యాండిడేట్ లిస్టులు, క్యాటగిరీలు, రాక్‌ఎఫ్ ప్రొఫైళ్లు మీ దగ్గర ఉన్నవే. ఈ వారంలో ఒక పూట కేటాయించి, మీ డ్రైవులలో ఏది ఎన్ని సిస్టమ్‌లకు కనిపిస్తోందో ఒక కాగితం మీద రాయండి. కారణం చెప్పలేని ప్రతి కనెక్షన్‌నూ కొట్టేయండి. ఒక డ్రైవ్‌కు ఒక సమయంలో ఒకే యజమాని ఉండాలి, ఆ యజమాని ఎవరో అన్ని సిస్టమ్‌లకూ తెలియాలి. ఈ ఒక్కటి పాటిస్తే టేప్ మీద రాసినది అక్కడే ఉంటుంది.